గీత గీసే ముందు… ఒకటి అంటే ఎంత?

ఆటోక్యాడ్‌లో లైన్ కమాండ్ ఇచ్చి 25 అని కొడితే 25 యూనిట్ల గీత వస్తుంది. అవి అడుగులా, మీటర్లా అన్నది గీసేవాళ్లే తేల్చుకోవాలి. బీటెక్ ఫస్టియర్‌లో ఈ మాట విని ఒక మార్కు ప్రశ్న అనుకున్నాం. మొన్న సంక్రాంతికి మా ఇంట్లో దాని విలువ అయిదు సెంట్ల మిరప చేను!

మాది పెదనందిపాడు వైపు. తాతయ్య రెండెకరాలు నాన్నకీ బాబాయికీ చెరో ఎకరం వచ్చింది. రోడ్డు వైపుది నాన్నది, వెనకది బాబాయిది. బాబాయి మిర్చి టిక్కీలు రోడ్డెక్కాలంటే మా చేలోంచే పోవాలి. పాత పంపకాల కాగితంలో ‘బాట 25’ అని రాసుంది. పక్కన ఏ కొలతో లేదు. కొత్తగా ప్లాన్ గీయిస్తే, గీసినాయన 25 అడుగుల బాట వేశాడు. “ఎద్దులబండి బాట అంత వెడల్పు ఎక్కడుందిరా?” అని నాన్న. “కంప్యూటర్‌లో వచ్చింది కదన్నయ్యా” అని బాబాయి. పండక్కి ఒక ఇంటి అరిసెలు ఇంకో ఇంటికి వెళ్లలేదు.

నేను కాగితం మొత్తం చూశాను. మా ఎకరం కొలతలు 250, 400. రెండూ గుణిస్తే లక్ష. అవి లింకులైతే వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, అంటే సరిగ్గా వంద సెంట్లు. అడుగులైతే దాదాపు 230 సెంట్లు అవ్వాలి! కాబట్టి కాగితం మొత్తం లింకుల్లోనే ఉంది. లింకు అంటే 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లిష్ గణితవేత్త తెచ్చిన 66 అడుగుల గొలుసులో వందో వంతు. (మన గుంటూరుకీ ఆయనకీ చుట్టరికం లేదు.) 25 లింకులంటే పదహారున్నర అడుగులు. 400 లింకుల పొడవునా బాటకి పోయేది పది సెంట్లు. అదే 25 అడుగులైతే పదిహేను దాటుతుంది.

అందుకే లైన్ కమాండ్ కంటే ముందు డ్రాయింగ్ సెట్ చేశాను. మెట్రిక్ టెంప్లేట్ తెరిస్తే లిమిట్స్ 420, 297 ఉంటాయి. అది ఏ3 కాగితం సైజు మిల్లీమీటర్లలో. చేనుకి అది పనికిరాదు. యూనిట్స్‌లో డెసిమల్, రెండు దశాంశాలు, ఇన్సర్షన్ స్కేల్ మీటర్లు పెట్టాను. ఆ లిస్టులో లింకు ఉండదు, అందుకే ప్రతి కొలతనీ 0.201168తో గుణించుకోవాలి. రెండెకరాలూ కలిపి 160.93 మీటర్ల పొడవు, 50.29 వెడల్పు. లిమిట్స్ 200, 100 ఇచ్చి, జూమ్ ఆల్ కొట్టి, గ్రిడ్ పది మీటర్లకి పెట్టాను. గట్టు, బాట, కాలవ, బోరు… ఒక్కోదానికి ఒక్కో లేయర్, ఒక్కో రంగు. ప్రింటు 1:1000లో తీస్తే పొడవు 16 సెంటీమీటర్లు, ఏ4లో పడుతుంది. అందులో అక్షరాలు రెండున్నర మిల్లీమీటర్లు కనబడాలంటే డ్రాయింగ్‌లో ఎత్తు 2.5 ఇవ్వాలి. ఇదంతా టెంప్లేట్‌గా సేవ్ చేసుకుంటే మళ్లీ చెయ్యక్కర్లేదు.

ప్రింటు తీసి బాబాయికిచ్చాను. లెక్క రెండుసార్లు తనే వేసుకున్నాడు. “ట్రాలీ పడుతుందా?” అన్నాడు. పడుతుందన్నాను. నాన్న ఇంకేం మాట్లాడలేదు, హద్దురాళ్లకి మనిషిని పిలిపించాడు.

రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే డ్రోన్లతో, రోవర్లతో కొలుస్తోంది. కానీ బీరువాల్లో ఉన్న మన పంపకాల కాగితాలు పాత కొలతల్లోనే ఉంటాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ ఇంట్లో కాగితం ఒకసారి తీయండి. పెద్దవాళ్లు ఉండగానే అడిగి, అంకె పక్కన ఏ కొలతో రాయించండి.