బోల్డ్‌లో ఉన్న అంకె

బ్లడ్ రిపోర్టులో నార్మల్ దాటిన అంకెను బోల్డ్‌లో వేస్తారు. మన కళ్లు అక్కడే ఆగిపోతాయి.

2021 మే, సెకండ్ వేవ్. పాలకుర్తిలో మా తాతకి కరోనా. బాపు ఫోన్ నా చేతికిచ్చి, "ఇంగ్లీష్ మీడియమే కదా బిడ్డా, ఏం రాసిన్రో సదువు" అన్నాడు. సీఆర్‌పీ లీటరుకు 48 మిల్లీగ్రాములు. ఉండాల్సింది 5 లోపు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మూడో రోజు మళ్లీ చేయిస్తే 22. అప్పుడు గానీ నాయనమ్మ అన్నం ముట్టలేదు.

ఆ అంకె ఏంటో తర్వాత చదివాను. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ మొదలైతే, ఐఎల్-6 సిగ్నల్ అందుకుని లివర్ సీఆర్‌పీని తయారుచేస్తుంది. ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో అది చెప్తుంది గానీ, ఎందుకుందో చెప్పదు. తయారీ ఆగితే రక్తంలో సుమారు 19 గంటలకోసారి సగమవుతుంది. అందుకే ఒక్క రిపోర్టు కంటే రెండింటి మధ్య తేడా ముఖ్యం.

మన కోడింగ్ భాషలో చెప్పాలంటే, ఇది ఒక్క 'ఇఫ్'తో తేలదు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో టోసిలిజుమాబ్ మందు పరీక్షకి పేషెంటును తీసుకోవాలంటే సీఆర్‌పీ 75 ఉంటే చాలదు, ఆక్సిజన్ కూడా తగ్గి ఉండాలి. రెండు కండిషన్ల మధ్య 'అండ్' ఉంది.

రిపోర్టులు ఇంగ్లీషులోనే వస్తాయి. ఇంట్లో వాటిని తెలుగులో చెప్పాల్సింది మనలాంటి వాళ్లమే. అంకె ఒక్కటే చదివి ఊరుకోకుండా, ఆక్సిజన్ ఎంతుందో చూసి, మళ్లీ టెస్ట్ ఎప్పుడో డాక్టర్‌ని అడిగి, అది కూడా చెప్దాం.