మెట్‌హౌ లోయలో మంచు దారులు

చలి ముదిరాక అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో నార్త్ కాస్కేడ్స్ హైవే మూసేస్తారు. మళ్లీ తెరిచేది వసంతంలోనే. అందుకే సియాటెల్ వైపు నుంచి మెట్‌హౌ లోయలోని విన్‌త్రాప్‌కి స్టీవెన్స్ పాస్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాం. కారు నడిపింది బెల్వ్యూలో ఉద్యోగం చేసే మా అన్నయ్య కూతురు.

మెట్‌హౌ, చీవాక్ నదులు కలిసే చోటున్న చిన్న ఊరది. జనాభా వందల్లోనే. అలాంటి ఊరిని ఆనుకుని, లోయ పొడవునా 200 కిలోమీటర్లకు పైగా స్కీ దారులున్నాయి. వాటిని చూసుకునేది 1977లో మొదలైన ‘మెట్‌హౌ ట్రెయిల్స్’ అనే లాభాపేక్ష లేని సంస్థ.

తెల్లవారకముందే గొలుసు చక్రాల గ్రూమర్ యంత్రాలు బయల్దేరతాయి. రాత్రి కురిసిన మంచును చదునుచేసి, మగ్గం మీంచి దిగిన చారల గుడ్డలా పరుస్తూ పోతాయి. ఆ వెడల్పు భాగం స్కేటింగ్ పద్ధతిలో స్కీ చేసేవాళ్లది. అంచున అదిమిన జంట గాళ్లు క్లాసిక్ పద్ధతివాళ్లవి. మళ్లీ మంచు పడితే పని మళ్లీ మొదటికే. “ఇంత పనీ చెరిగిపోతుందని తెలిసే చేస్తారు బాబాయ్” అంది అన్నయ్య కూతురు. నాకు ఆ ఓపిక మీదే గౌరవం కలిగింది.

నన్ను ఇంకా ఆకట్టుకున్నది భూమి సంగతి. ఈ దారుల్లో చాలా భాగం ప్రైవేటు భూముల గుండా వెళ్తుంది. యజమానులు సరేనంటేనే దారి. కొన్నిచోట్ల ఆ అనుమతి చలికాలానికే పరిమితం. మంచు కరిగాక అక్కడ నడవకూడదు.

ఈ లోయ మరోలా మారిపోయి ఉండేది. లోయ ఎగువన ఉన్న మజామా దగ్గర, శాండీ బ్యూట్ కొండమీద పెద్ద స్కీ రిసార్టు కట్టాలని 1970లలోనే ప్రయత్నాలు మొదలయ్యాయి. స్థానికులు కోర్టుకెక్కారు. 1989లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వాళ్లకు వ్యతిరేకంగానే వచ్చింది. అయినా ఆ రిసార్టు రాలేదు. వచ్చి ఉంటే కొండ చరియల నిండా లిఫ్టులు, కింద విల్లాలు లేచేవి. ఇప్పుడున్నవి ఈ దారులు. లోయకు ఇదే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఊరినుంచి బయల్దేరే ఒక దారికి సూజీ స్టీఫెన్స్ పేరు పెట్టారు. పాదచారులు, సైకిలిస్టుల భద్రత కోసం పనిచేసిన ఈ ఊరివాసి ఆమె. 2002లో సెయింట్ లూయిస్‌లో రోడ్డు దాటుతుండగా బస్సు ఢీకొని చనిపోయింది. ఆమె పేరిట ఉన్న ఈ దారిలో కార్ల భయం లేదు. ఆమె కథ తెలిశాక ఆ దారి పేరున్న బోర్డు ముందు కాసేపు ఆగకుండా ఉండలేకపోయాను.

మే నెలలో ఇక్కడి కొండవాలుల మీద పసుపు పచ్చని బాల్సమ్‌రూట్ పూలు పూస్తాయి. వేసవిలో సైకిళ్లు, శరదృతువులో బంగారు రంగుకు తిరిగే లార్చి చెట్లు. వేసవి ఎప్పుడూ హాయిగానే ఉంటుందని చెప్పలేం. 2014లో కార్లటన్ కార్చిచ్చు ఈ లోయలో ఎన్నో ఇళ్లను బూడిద చేసింది.

సియాటెల్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఒక మాట. చలికాలంలో వెళ్తే ఈ దారుల పాస్ కొనండి. గ్రూమర్ యంత్రాలు కదలడానికి ఆ డబ్బు కావాలి. నడకకు కేటాయించిన దారుల్లోనే నడవండి, పిల్లల్ని గాళ్ల మీద అడుగు పెట్టనివ్వకండి. పొలం గట్టున ‘ప్రవేశం లేదు’ అన్న బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి. ఒక్క యజమాని విసిగి వద్దన్నా దారి అక్కడితో తెగిపోతుంది.