ఎండు తునకలు, టగ్గు పడవ

మా రెండవ కుమారుడు టగ్గు పడవపై పని చేస్తాడు. పెద్ద ఓడలను రేవులోకి లాగి తెచ్చే చిన్న నావ అది. నెలల తరబడి అతని భోజనం, నిద్ర, నమాజు అన్నీ దానిమీదనే. వంటగది ఇరుకు, ఉన్న ఒక్క ఫ్రిజ్ అందరిదీ. కనుక సెలవు ముగిసి అతడు విశాఖ రైలెక్కే ముందు ఏమి కట్టి పంపాలన్నదే నాచారంలోని మా ఇంట పెద్ద చర్చ.

ఖుర్బానీ మాంసానికి ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి డాబాపై దండేలకు ఆరవేయడం మా పెద్దలనాటి పద్ధతి. ఈ ఏడు ఉప్పల్‌లో వాక్యూమ్ యంత్రం కొన్నాము. అది సంచిలోని గాలిని లాగివేసి అంచును వేడితో అతికిస్తుంది. గాలి లేనిచోట బూజు పెరగదు. కొవ్వుకు పాతవాసన త్వరగా పట్టదు.

"అమ్మీ, వండిన కూరనే సీలు చేద్దామా?" అన్నది పెద్ద కోడలు. వద్దన్నాము. బొట్యులిజం కలిగించే సూక్ష్మజీవికి గాలి లేకపోవడమే అనుకూలం. తడి కూర ఆ సంచిలో, మామూలు వేడిలో, వాసనైనా మారకుండానే విషం కాగలదు. కర్మాగారాల్లో పొట్లాన్ని సుమారు 121 డిగ్రీల వద్ద ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తారు. ఇంటి యంత్రం చేసేది గాలి తీయడమే. నడిసముద్రంలో ఆసుపత్రి ఎక్కడిది? అందుకే విరిస్తే పటుక్కున విరిగే తునకలనే ఎంచాము. ఎముక సంచిని పొడుస్తుంది కనుక ముందే తీసివేశాము. విప్పిన పొట్లానికి ఉప్పుగాలి తేమ పట్టకుండా ఒక పూటకు సరిపడా మాత్రమే కట్టాము.

సముద్రానికీ ఎండు మాంసానికీ పాత చుట్టరికమే. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో తీరానికి వెళ్ళిన మూడు వందల మంది, రోజుకొక ఖర్జూరంతో గడుపుతుండగా ఒడ్డున పెద్ద చేప దొరికిందనీ, దాని మాంసాన్ని మదీనాకు సైతం తెచ్చారనీ హదీసుల్లో ఉంది. ఒక ఏడాది పట్టణానికి పేదలు వచ్చినందున ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఉంచవద్దని దైవప్రవక్త (స) వారించారు. తరువాత తినండి, దానమివ్వండి, నిలువ చేసుకోండి అని అనుమతించారు. యంత్రం ఇంటికి వచ్చాక ఆ నడిమి మాట మాకు మరీ గుర్తుకు వస్తున్నది. సంచులు ఎన్ని ఉన్నా వాటాలు పంచిన తరువాతే దాన్ని మీట నొక్కాము.

మిగిలినవి తొమ్మిది పొట్లాలు. మొదటి వారంలోనే నాలుగు అయిపోయాయట. టగ్గు మీద ఉన్నవారు ఏడుగురు మరి.