క్యారమ్ బోర్డు మీద గీసిన ప్లాను

అక్టోబర్ 4
డ్రాయింగు బల్ల చేయించాలి. దానికి ప్లాను గీయాలి. గీయడానికి బల్ల లేదు. అటక మీద నుంచి క్యారమ్ బోర్డు దించాను.

అక్టోబర్ 5
బోర్డు మీద పాత పౌడరు. కాగితం నిలవదు. నాలుగు మూలలా టేపు. అయినా పెన్సిలు దొర్లి మూల కన్నంలో పడింది. మనవడు "మైనస్" అన్నాడు.

అక్టోబర్ 7
పలక 1000 × 700. పాత ఐ.ఎస్. 1444లో బీ1 సైజు. ఏ1 కాగితం 841 × 594 పరిచినా చుట్టూ చెయ్యి ఆనించుకునే చోటు మిగులుతుంది. స్కేలు 1:5. పలక 200 × 140కి దిగింది. ఏ4లో పట్టింది.
మా దగ్గరి మోర్ధానా డ్యాము ఎత్తుని అదే స్కేల్లో గీస్తే తలుపుకన్నా పొడుగు కాగితం కావాలి. ఊరికే లెక్కేశాను.

అక్టోబర్ 9
వాలు 15 డిగ్రీలు. వెనక అంచు ఎంత లేవాలి? 700ని 0.2588తో గుణిస్తే 181 మి.మీ. ఆ 0.2588 కోసం పాత సైన్ పట్టిక అరగంట వెతికాను.
వడ్రంగి ఆచారికి చెప్పాను. టేపు లాగి చూసి "ఏడు అంగుళాల ఒక నూలు" అన్నాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఇంటికొచ్చి లెక్కేస్తే 180.975.

అక్టోబర్ 10
ఒకే టేపు. ఒక అంచున అంగుళాలు, ఇంకో అంచున మి.మీ. ఇద్దరం చెరో అంచూ చదువుతున్నాం.

అక్టోబర్ 14
పాత డ్రాయింగు బోర్డులకు అడుగున పొడుగ్గా గాడులుంటాయి. రెండు అడ్డపట్టీలు. పట్టీల్లో స్క్రూల బెజ్జాలు కోలగా. వానకు చెక్క ఉబ్బినా చీలకుండా. రెండు రోజులు కూర్చుని అన్నీ గీశాను.
ఆచారి: "ప్లైవుడ్‌కి ఇవన్నీ ఎందుకు సార్?"
రబ్బరుతో చెరిపాను. గీతలు పోయాయి. కాగితం మీద పెన్సిలు నొక్కులు అలాగే ఉన్నాయి. వెలుగుకి పట్టి చూస్తే గాడులు కనిపిస్తాయి.

అక్టోబర్ 17
ఎడమ అంచుకు నల్లచెక్క పట్టీ కావాలి. టీ-స్క్వేర్ దాని వెంట జారాలి. తొందరగా అరగదు. ఇక్కడి తమిళ పేరు కరుంగాలి.
ఆచారి నా మెడ వైపు చూశాడు. "అది మాలకు కదా సార్?"
గుడియాత్తంలో అడిగాను. మూడు కొట్లలో మాలలే ఉన్నాయి. ఒకడు 108 పూసలు అన్నాడు. పూసల మీద టీ-స్క్వేర్ బాగానే దొర్లుతుంది.
పట్టీ ఆలోచన మానుకున్నాను.

అక్టోబర్ 22
రాత్రి పటాకుల మోత. పండగ కాదు. కౌండిన్య అడవి నుంచి ఏనుగు. పొద్దున్నే కాలవ గట్టు మీద అడుగు. కొలిచాను. కొలత ఎక్కడ రాశానో కనబడ్డం లేదు.

అక్టోబర్ 25
ఆవిడ: "ఏమండీ, ఆ బల్ల మీద ఏం గీస్తారు?"
కాఫీ తాగాను.

అక్టోబర్ 28
ఫెయిర్ కాపీ. ముందు వైపు, పక్క వైపు, పై నుంచి. ఆచారికి ఒకటి, నాకొకటి. టౌనులో జిరాక్స్ తీయించాను. ఆచారికి జిరాక్స్ ఇచ్చి, కాగితంలో ఒకటి అంటే చెక్కలో అయిదు అని చెప్పాను. చాలా శ్రద్ధగా విన్నాడు.

నవంబర్ 8
వాన. ప్లైవుడ్ రాలేదు.

నవంబర్ 11
బల్ల వచ్చింది. గుమ్మంలోంచి సులువుగా దూరింది. అప్పుడే అనుమానం వచ్చింది.
పలక 970. లోతు 679. ముందు ఎత్తు 900 ఉండాల్సింది 873.
జిరాక్స్ తీసి స్కేలు పెట్టాను. 200 ఉండాల్సిన గీత 194. మిషను నూటికి మూడు మింగింది. ఆచారి నేను రాసిన అంకెలు చూడలేదు. కాగితం మీద టేపు పెట్టి అయిదుతో గుణించాడు. నేను చెప్పినట్టే.
నా ఉద్యోగమంతా ప్రతి డ్రాయింగు కిందా రాశాను, గీత కొలవొద్దు, అంకె చూడండి అని. దీనికి రాయలేదు.

నవంబర్ 12
వాలు కొలిచాను. 15 డిగ్రీలు, తూచినట్టు. కోణాన్ని జిరాక్స్ ఏమీ చేయలేకపోయింది. ఏ1 కాగితం పడుతుంది. చెయ్యి ఆనించే చోటే తగ్గింది.
ఆచారికి చెప్పలేదు. డబ్బు మొత్తం ఇచ్చాను. నూటికి మూడు తగ్గించుకుందామా అనిపించింది, నిజమే.

నవంబర్ 13
మనవడు క్యారమ్ ఆడుతున్నాడు. బోర్డు మీద నా పెన్సిలు గీత ఒకటి ఉండిపోయింది. బల్ల కాలు. గీత దాటితే ఫౌలా అని అడిగాడు. అవునన్నాను.

నవంబర్ 15
బల్ల మీద వడియాలు. వాలుకి నీళ్లు బాగా కారుతున్నాయట.

నవంబర్ 16
బల్ల ఊగుతోంది. ఎడమ ముందుకాలు. గుడియాత్తం అగ్గిపెట్టె మడిచి కింద పెట్టాను. ఆగింది.

నవంబర్ 18
వడియాలు ఎత్తించాను. కొత్త బల్ల మీద మొదటి డ్రాయింగు, బల్లదే. 1000 కొట్టేసి 970. 900 కొట్టేసి 873. కింద "ఉన్నది ఉన్నట్టు" అని రాశాను. గీత కొలవొద్దని కూడా.
కాలి కింద అగ్గిపెట్టె గీశాను. స్కేలుకే.