పెద్ద హోటల్లో ఒక బకెట్టు నీళ్ళు

“నల్లమాడ వాళ్ళకు ఫైవ్ స్టార్ హోటలేమిటమ్మా!” అని నవ్వుకుంటున్నారా? నవ్వుకోండి, తప్పులేదు. మొదట నేనూ అలాగే నవ్వాను. కానీ రెండుసార్లు బెంగుళూరు వెళ్ళి, ఒకసారి డబ్బు పోసి బాధపడి, ఇంకోసారి హాయిగా ఉండి వచ్చాక, ఈ నాలుగు మాటలూ మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది వాన తక్కువ సీమ. చెనిక్కాయ పంట చేతికొచ్చిన ఏడే మాకు పండగ. ఇదివరకు అనంతపురం జిల్లాలో ఉండేవాళ్ళం, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. మాకు పెద్ద ఊరంటే బెంగుళూరే, హైదరాబాదు కంటే చాలా దగ్గర. పుట్టపర్తి, గోరంట్ల మీదుగా పోయి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పెద్ద రోడ్డెక్కితే బాగేపల్లి, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి దాటి ఊళ్ళో పడతాం.

మా పెద్దవాడికి అక్కడే ఉద్యోగం. నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక ఇంట్లో ఉంటారు. మొదటి జీతం రాగానే “అవ్వను తీసుకుని రామ్మా, పెద్ద హోటల్లో ఉంచుతాను” అని పట్టుబట్టాడు. ఫోటోలు చూసి, అద్దాల మేడా, దీపాలూ నచ్చి, వాడే గది తీసుకున్నాడు. ఆ హోటల్ పేరు ఎందుకులెండి.

గది చూడ్డానికి దేవేంద్ర భవనమే. కానీ స్నానాల గదిలో మోకాలెత్తు తొట్టి, ఆ తొట్టిలోనే పైనుంచి షవరు. మా అత్తకు డెబ్భై ఆరేళ్ళు, మోకాళ్ళు వంగవు. గట్టు దాటి లోపల కాలు పెట్టలేకపోయింది. బకెట్టూ మగ్గూ అడిగితే మా దగ్గర ఉండవన్నారు. రెండు రోజులూ తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంది. రెండో రోజు పొద్దున, “అంత తొట్టి పెట్టుకున్నారు, చెంబు నీళ్ళకు గతి లేదా వీళ్ళకు? నన్ను ఊరికి పంపించు నాయనా, ఇంకెప్పుడూ ఈడికి పిలవొద్దు” అంది. వాడి ముఖం చూడాలి! మొదటి జీతమంతా అక్కడే పోసి కూర్చున్నాడు మరి.

ఆ తర్వాత వాడికి సంబంధం కుదిరింది. ఆడపిల్ల వాళ్ళు బెంగుళూరులోనే నిశ్చితార్థం పెట్టుకున్నారు. మా అత్త మాత్రం “నేను లేకున్నా జరుగుతుందిలే” అని భీష్మించుకుంది. వాణ్ణి ఎత్తుకుని పెంచిన చెయ్యి ఆమెది. ఆమె లేకుండా తాంబూలాలు ఎలా మార్చుకుంటామో మీరే చెప్పండి. “ఈసారి హోటల్ సంగతి నువ్వే చూడు” అన్నారు మా ఆయన. ఇంటర్‌తో చదువు ఆపేసిన దాన్ని నేను. అయినా ఒక నోటు పుస్తకం, ఫోను ముందేసుకుని కూర్చున్నాను. నేను తెలుసుకున్నవి ఇవీ.

మొదటిది, నక్షత్రాల సంగతి. “లగ్జరీ” అన్న మాట బోర్డు మీద ఎవరైనా రాసుకోవచ్చు. స్టార్లు మాత్రం కేంద్ర పర్యాటక శాఖ కమిటీ చూసి ఇస్తుంది, ఐదేళ్ళ వరకు చెల్లుతాయి. అవి తీసుకోవడం హోటల్ వాళ్ళ ఇష్టం, తప్పనిసరి కాదు. కాబట్టి “మీకు స్టార్ ఉందా, ఎన్ని?” అని అడగడానికి మొహమాటపడకండి.

రెండోది, ఏ పని మీద వెళ్తున్నామో చూసుకోవాలి. బెంగుళూరు రేస్ కోర్సు దగ్గరి తాజ్ వెస్ట్ ఎండ్‌ను 1887లో ఒక ఇంగ్లీషావిడ పది గదుల బసగా మొదలుపెట్టిందట. ఇప్పుడది సుమారు 20 ఎకరాల తోట. చెట్లు చూస్తూ గడపాలంటే అలాంటిది బాగుంటుంది. కానీ నడవలేని వాళ్ళుంటే భోజనాల హాలుకు దగ్గర గది కావాలని ముందే చెప్పాలి. లీలా ప్యాలెస్ మైసూరు ప్యాలెస్‌ను తలపిస్తుంది. అది 2001లో తెరిచినప్పుడు విమానాశ్రయం ఆ రోడ్డులోనే ఉండేది. 2008లో విమానాశ్రయం దేవనహళ్ళికి మారింది, రెంటికీ మధ్య ఇప్పుడు ఊరంతా ఉంది. అంచేత “ఎయిర్‌పోర్టు రోడ్డు” అని ఎవరైనా చెబితే పాతదా, కొత్తదా అని అడగండి. హైదరాబాదులోనూ అంతే, అదే 2008లో బేగంపేట నుంచి శంషాబాదుకు మారింది. అక్కడి ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటలైంది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉందందులో. చూడ్డానికే వెళ్తే సరే. ఆస్పత్రి పనో, పెళ్ళి పనో ఉంటే, ఆ పని జరిగే చోటుకు దగ్గర్లో దిగడమే మేలు.

మూడోది పన్ను. ఇది ఇల్లాళ్ళు తప్పక తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. గది 7,500 అయితే పన్నుతో 7,875 అవుతుంది. అదే గది 7,600 అయితే 8,968! వంద రూపాయల తేడాకు దాదాపు పదకొండు వందలు ఎక్కువ. అంత ఖరీదు గదులున్న హోటళ్ళలో భోజనం బిల్లు మీద కూడా మామూలుగా 18 శాతం పడుతుంది. భోజనం బిల్లులో “సర్వీస్ చార్జి” అని వాళ్ళంతట వాళ్ళే కలిపితే తీసెయ్యమనొచ్చు. అలా కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. ఇంకొక మాట, బెంగుళూరుకు ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళే ఎక్కువ కాబట్టి శని ఆదివారాల్లో చాలాచోట్ల అద్దె తగ్గుతుంది.

మాకు ఆదివారం నాటికి 7,400కు, పొద్దున టిఫినుతో సహా గది దొరికింది. పన్ను 370. మూడో మనిషికి ఇంకో మంచం వేయిస్తే 7,500 దాటిపోతుందన్నారు. మా ఆయన వెళ్ళి కొడుకు ఇంట్లో చాప మీద పడుకున్నారు!

నాలుగోదే అసలైనది. డబ్బు కట్టకముందే ఫోను చేసి అడిగాను. స్నానాల గదిలో తొట్టి లేకుండా షవరు ఉందా? పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉందా? నేల జారుతుందా? కూర్చోడానికి స్టూలు, బకెట్టు, మగ్గు ఇస్తారా? గది లిఫ్టుకు దగ్గరేనా? మధ్యాహ్నం రెండింటికి గాని గది ఇవ్వరు కదా, అంతవరకు పెద్దావిడ ఎక్కడ కూర్చోవాలి? అవతల అమ్మాయి కన్నడం కలిసిన తెలుగులో ఓపిగ్గా జవాబు చెప్పింది. ఇంతకుముందు నేను ఫోటోల్లో దీపాలు చూశానే గాని, ఈ ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. హోటల్‌ని ఎంచేది తర్వాత. ముందు మనతో వచ్చే మనిషికి ఏం కావాలో రాసుకోవాలి. మాకైతే అది బకెట్టు.

“బకెట్టు ఇస్తారంట అత్తా” అని చెబితే ఆమె నమ్మలేదు. మనవడి మీద ప్రేమకొద్దీ బయల్దేరింది, అంతే. గదిలోకి వెళ్ళి చూస్తే నీలం బకెట్టు, మగ్గు, తెల్ల స్టూలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్క బకెట్టు నీళ్ళతో తలారా స్నానం చేసి, అడుగున మిగిలిన నీళ్ళతో తన తువ్వాలు కూడా జాడించుకుని వచ్చింది. బావి అడుగున నీళ్ళు తోడుకున్న రోజులు చూసిన మనిషి, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

“ఇన్ని గదులకు నీళ్ళు యాడివిరా?” అని మనవణ్ణి అడిగింది. కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల అవతల నుంచి పంపులతో ఎక్కిస్తారనీ, 2024 ఎండాకాలంలో ఇక్కడ కూడా బోర్లెండి జనం ట్యాంకర్ల కోసం కాచుకున్నారనీ వాడు చెప్పాడు. “అయితే మనకన్నా వీళ్ళే దూరం నుంచి మోసుకుంటున్నారు పాపం” అంది.

సాయంత్రం ధర్మవరం పట్టుచీర కట్టుకుని, మనవడి పక్కన కూర్చుని, తన చేత్తోనే తాంబూలం అందించింది. నాకు అంతకన్నా ఏం కావాలి!

మర్నాడు టిఫిన్ల బల్ల మీద చిన్న గాజు గ్లాసుల్లో రాగి జావ చూసి, “ఇంత దూరం వచ్చి మన రాగులేనా!” అని నవ్వుతూనే రెండు గ్లాసులు తాగింది. గది ఖాళీ చేసేటప్పుడు, ఊడ్చే పిల్ల చేతిలో మా చెనిక్కాయ ఉండలు రెండు పెట్టి, “పెండ్లికీ ఈడికే వస్తాం పాపా, ఆ బకెట్టు యాడా పారేయొద్దు” అని చెప్పి మరీ లిఫ్టెక్కింది.