భీమడోలు దారిలో... ఓ మోకాలి కథ

పైన మెట్ట, కింద డెల్టా, మధ్యలో భీమడోలు. ఒకవైపు చిన్న తిరుపతి కొండ, మరోవైపు కొల్లేటి గట్లు. ఎటు వెళ్లాలన్నా ఎక్కడమో దిగడమో తప్పదు. అలాంటి చోట, మార్పించుకున్న మోకాలే మళ్లీ మొరాయిస్తే? రెండోసారి ఆపరేషన్‌కి ‘సరే’ అనాలా, ‘వద్దు’ అనాలా?

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో గుండుగొలను దాటితే భీమడోలు. ఒకప్పటి 5వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోయేది. చెన్నై-హౌరా రైలు మార్గం మీద స్టేషనూ ఉంది. రైలు కిటికీలోంచి చూస్తే అంతా పలక పరిచినట్టే ఉంటుంది. వరిచేలు, కొబ్బరిచెట్లు, చేపల చెరువులు... ఎక్కడా మెరక కనిపించదు. దిగి నడిస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఉత్తరానికి పోయేకొద్దీ నేల నెమ్మదిగా లేచి ద్వారకా తిరుమల కొండ దాకా వెళ్తుంది. దక్షిణానికి పోయేకొద్దీ అంతే నెమ్మదిగా దిగి కొల్లేట్లో కలుస్తుంది.

ఈ మెరక పల్లాల లెక్క మా పెద్దమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదేమో! ఆవిడకి 68 ఏళ్లు. భీమడోలుకి దగ్గర్లోని పల్లెలో ఉంటుంది. మూడేళ్ల క్రితం ఓ నగరంలో కుడి మోకాలు మార్పించుకుంది. పాత నొప్పి పోయింది. వంకర కాలు తిన్నగా అయింది. ఇంకేం కావాలి అనుకున్నారంతా. ఏడాది తిరక్కుండానే కొత్త బాధ మొదలైంది.

‘‘చదునుగా ఉన్నచోట బానే నడుస్తాను నాన్నా. మెట్టు దిగేటప్పుడే... కాలు నాది కానట్టు ముందుకి జారిపోద్ది. పొద్దుగూకేసరికి ఇదిగో, ఇలా పొంగుద్ది’’ అంటుంది మోకాలి మీద చెయ్యేసి. ఎక్స్‌రే తీస్తే ‘అంతా బాగుంది’ అన్నారట. మరో డాక్టరు మొత్తం తీసేసి మళ్లీ వేయాలన్నారు. ఇంకొకరు వ్యాయామం చాలన్నారు. ముగ్గురివీ మూడు మాటలు. ఇంట్లోనూ అంతే. హైదరాబాద్‌లో ఉన్న కొడుకులు ‘వెంటనే చేయించేద్దాం’ అంటారు. పెదనాన్నేమో ‘మళ్లీ కోయడమా...’ అని కళ్లు మూసుకుంటారు.

కొండ మెట్ల దగ్గర...

భీమడోలు నుంచి ద్వారకా తిరుమల పదిహేను కిలోమీటర్ల దూరం. పెద్ద తిరుపతిలో మొక్కుకున్న మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు, ఇక్కడ మొక్కింది మాత్రం ఇక్కడే తీర్చుకోవాలని ఈ ప్రాంతంలో నమ్మకం. అందుకే ఈ చుట్టుపక్కల పెళ్లయినా, పుట్టువెంట్రుకలైనా అందరి చూపూ కొండవైపే. కొండ మీదికి వాహనాలు వెళ్తాయి. కాబట్టి ఎక్కడం పెద్ద కష్టం కాదు. పైన అక్కడక్కడా మెట్లు దిగాల్సి వస్తుంది. పెద్దమ్మ కాలు ఆగిపోయేది అక్కడే.

ఎక్కేటప్పుడు లేని ఇబ్బంది దిగేటప్పుడు ఎందుకొస్తుంది? మోకాలి మార్పిడిలో ఏం చేస్తారో తెలిస్తే ఇది అర్థమవుతుంది. తొడ ఎముక చివర అరిగిన భాగాన్ని చెక్కి లోహపు తొడుగు వేస్తారు. ఎక్కువగా కోబాల్ట్‌-క్రోమియం మిశ్రమలోహం వాడతారు. కాలి ఎముక పైభాగంలో లోహపు పళ్లెం అమరుస్తారు. రెండింటి మధ్యా పాలిఇథిలీన్‌ అనే గట్టి ప్లాస్టిక్‌ దిమ్మ పెడతారు. కీలు ఇటూఅటూ పోకుండా పట్టి ఉంచేవి మాత్రం మనిషి సొంత లిగమెంట్లు, కండరాలే. కాలు చాచినప్పుడు రెండు ఎముకల మధ్యా ఎంత ఖాళీ ఉంటుందో, మడిచినప్పుడూ దాదాపు అంతే ఉండాలి. చాచినప్పుడు బిగువుగా ఉండి, మడిచినప్పుడు వదులైతే... నిలబడితే బాగుంటుంది, తీయించిన ఎక్స్‌రే కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. మెట్టు దిగేటప్పుడూ, కుర్చీలోంచి లేచేటప్పుడూ మోకాలు మడిచి బరువు మోపుతాం కదా, అప్పుడు జారుతుంది. ఆ జారుడుకి లోపలి పొర రేగి నీరు పడుతుంది. సాయంత్రానికి వాపు వస్తుంది.

వదులు ఇదొక్క రకమే కాదు. కొందరికి కాలు చాచినప్పుడే పక్కలకి ఊగుతుంది. కొందరికి వెనక్కి విల్లులా వంగుతుంది. పడిపోవడం వల్ల లిగమెంటు తెగొచ్చు. ఏళ్లు గడిచాక ప్లాస్టిక్‌ దిమ్మ అరిగిపోవచ్చు. లోహపు భాగం ఎముక నుంచి వదులవ్వచ్చు. అన్నిటికీ పేషెంటు చెప్పే మాట ఒకటే... ‘కాలు పట్టు తప్పుతోంది’ అని. వైద్యం మాత్రం ఒక్కోదానికి ఒక్కోటి.

గట్టు మీద పాఠం

భీమడోలు నుంచి దక్షిణానికి తిరిగితే ఆగడాలలంక వైపు దారి. ఇటు రెండు పక్కలా నీళ్లే. గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటివి ఇందులోకి నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు వాటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో దీన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్‌ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు పెద్దఎత్తున తెగ్గొట్టారు. పక్షులు చూడాలంటే కైకలూరు దగ్గరి ఆటపాక వెళ్లాలి. పెలికాన్ల గుంపులు చూసి పిల్లలు ఓ పట్టాన కదలరు.

పెదనాన్నకి సరస్సు హద్దుకి ఇవతల ఓ చిన్న చెరువుంది. ఒకప్పుడు మేత లెక్క, కూలీల లెక్క అంతా పెద్దమ్మే చూసేది. నల్లరేగడి గట్టు వాన పడితే వెన్నముద్దే. ఇప్పుడావిడ గట్టు ఎక్కి ఏడాదిన్నరైంది. ‘‘పడితే ఎవరు లేపుతారు? ఈయనకే డెబ్భై నాలుగు’’ అంది నవ్వుతూ. ఆ నవ్వు వెనకున్న భయం చిన్నదేం కాదు. పట్టు లేని మోకాలితో పడితే లోహం ఉన్నచోటే ఎముక విరగొచ్చు. అప్పుడు చేయాల్సిన ఆపరేషన్‌ ఇంకా కష్టం.

అసలు దారి చూపింది పెదనాన్నే. గట్టు మీద నిలబడి ఆయన మామూలుగా అన్న మాట ఇది: ‘‘చెరువులో నీరు తగ్గిపోతుంటే ముందు పీత బొరియ ఎక్కడుందో వెతుకుతాం. అది చూడకుండా పైన ఎంత మట్టి పోస్తే ఏం లాభం? మరి ఈ కాలికి బొరియ ఎక్కడుందో ఎవరన్నా చూశారా?’’

నిపుణులు చెప్పేదీ అదే. కారణం కచ్చితంగా తెలియకుండా ‘నొప్పిగా ఉంది కదా, మళ్లీ తెరిచి చూద్దాం’ అని చేసిన రివిజన్లు చాలావరకు నిరాశే మిగులుస్తాయి. కాబట్టి చేయించాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. ఎందుకు జారుతోంది అన్నదే మొదటిది.

ఏలూరులో పరీక్షలు

ఈ ప్రాంతానికి వైద్యమంటే ఏలూరే. 2022లో ఏలూరు పేరుతోనే జిల్లా ఏర్పడింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. చిన్న పరీక్షలన్నీ అక్కడే చేయించుకుని, ఆ కాగితాలతో రివిజన్లు తరచూ చేసే ఆర్థోపెడిక్‌ సర్జన్‌ దగ్గరికి వెళ్లాలని పెద్దమ్మ ఇంట్లో తీర్మానించారు.

ముందు చూడాల్సింది ఇన్‌ఫెక్షన్‌. వాపు ఉన్న కృత్రిమ మోకాలిని చూడగానే వచ్చే మొదటి అనుమానం అదే. ఈఎస్‌ఆర్‌, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేస్తారు. అవసరమైతే సూదితో కీల్లోంచి నీరు తీసి ల్యాబ్‌కి పంపుతారు. ఆ నీరు తీయకముందే ఎవరో రాసిచ్చిన యాంటిబయాటిక్‌ మింగితే, సూక్ష్మజీవి దొరక్కుండా దాక్కుంటుంది. ఇన్‌ఫెక్షన్‌ ఉందని తేలితే కథ మారిపోతుంది. చాలాసార్లు మొదట పాతది తీసి మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, అది తగ్గాక మరో ఆపరేషన్‌లో కొత్త కీలు వేస్తారు. పెద్దమ్మకి ఇన్‌ఫెక్షన్‌ లేదని తేలింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

తర్వాత నిలబెట్టి తుంటి నుంచి మడమ దాకా ఎక్స్‌రే తీశారు. లోహపు భాగాలు మెలితిరిగి కూర్చున్నాయేమో చూడ్డానికి సీటీ స్కాన్‌ చేశారు. ఇన్ని యంత్రాల తర్వాత సంగతి తేల్చింది మాత్రం డాక్టరు చేతులే. ఆవిణ్ని బల్ల అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, పిక్క పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపారు. లోహపు భాగాలు వదులవలేదు గానీ, సొరుగు తెరిచి మూసినట్టు కీలు కదిలింది. ‘‘ఇదే! మెట్టు దిగేటప్పుడు జరిగేది ఇదే’’ అంది పెద్దమ్మ. మూడేళ్లలో తన బాధని ఇంకొకరి చేతిలో చూడటం ఆవిడకదే మొదటిసారి.

అయినా వెంటనే కత్తి పట్టలేదు. మూడు నెలలు తొడ కండరాలకి వ్యాయామాలు, బయటికి వెళ్తే బ్రేస్‌, చేతికర్ర. కండరం బలపడి పట్టు వచ్చి ఆపరేషన్‌ అక్కర్లేకుండా పోయినవాళ్లూ ఉంటారు. పెద్దమ్మ ఒక్కరోజూ మానలేదు. వాపు కొంత తగ్గింది. జారుడు తగ్గలేదు.

లెక్క తేలిందిలా...

మధ్యలో ప్లాస్టిక్‌ దిమ్మ ఒక్కటీ మందంగా మారిస్తే సరిపోదా అని అడిగారు పెదనాన్న. అందరికీ వచ్చే సందేహమే. మడిచినప్పుడు మాత్రమే వదులుంటే, మందపు దిమ్మ వల్ల ఆ వదులు పోతుంది గానీ కాలు పూర్తిగా చాపలేరు. అందుకే చాలామందికి తొడ ఎముక వైపు తొడుగు కూడా మార్చి, వెనక ఖాళీ నింపాల్సి వస్తుంది. లిగమెంట్లు మరీ బలహీనంగా ఉంటే కీలుకే ఎక్కువ పట్టు ఉండే రకం వేస్తారు. అవి బొత్తిగా లేకపోతే తలుపు బందులాంటి హింజ్‌ కీలు వాడతారు. పట్టు ఎక్కువున్న కీలు వేస్తే అందరికీ మంచిదేగా అనుకోకూడదు. లిగమెంట్లు మోయాల్సిన ఒత్తిడి ఎముక, సిమెంటు మీద పడుతుంది. అవసరమైనంత పట్టే ఉండాలి.

ఖర్చు సంగతీ మాట్లాడుకున్నారు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకి కళ్లెం వేసింది. అప్పుడు కోబాల్ట్‌-క్రోమియం మొదటి మార్పిడి సెట్టుకి 54,720 రూపాయలు, రివిజన్‌ సెట్టుకి 1,13,950 రూపాయలు గరిష్ఠంగా నిర్ణయించారు. పన్ను అదనం. అంటే వస్తువు వరకే రెట్టింపు. ఆపరేషన్‌, గది, మందులు, ఫిజియోథెరపీ వేరే.

మరి నమ్మకం? 2000 అక్టోబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముంబయిలో ఎడమ మోకాలు, మరుసటి ఏడాది కుడి మోకాలు మార్పించుకున్నాక మన పల్లెల్లో కూడా ఈ ఆపరేషన్‌ పేరు తెలిసింది. మొదటిసారి మార్చిన మోకాళ్లలో నూటికి సుమారు 82 పాతికేళ్ల దాకా ఉంటాయని 2019లో లాన్సెట్‌లో వచ్చిన పరిశోధన చెప్పింది. రివిజన్‌కి అంత భరోసా లేదు. ఇన్‌ఫెక్షన్‌ భయం ఎక్కువ. కోలుకోడానికి పట్టే కాలమూ ఎక్కువే.

ఇవన్నీ విన్నాక పెద్దమ్మ డాక్టర్ని ఒకే మాట అడిగింది. ‘‘చేయించుకుంటే నేనేం చేయగలనండీ? ఏం చేయలేను?’’ ఆయన దాచలేదు. కమ్మీ పట్టుకుని మెట్లు దిగొచ్చు, గట్టుగా ఉన్న దారిలో నడవొచ్చు. కింద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం ఉండదు. నొప్పి పూర్తిగా పోతుందని మాటివ్వలేనన్నారు. వాన పడ్డ గట్టు ఎప్పటికీ వద్దన్నారు.

ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ ఆ ఊసెత్తలేదు. మూడోరోజు కొడుకులిద్దరికీ ఫోన్‌ చేసింది. ‘‘గట్టు సంగతి మీ నాన్న చూసుకుంటారు. నాకు కొండ మీద నాలుగు మెట్లు, మన వీధి గుమ్మం చాలు. చేయించుకుంటాను’’ అని చెప్పింది. ముహూర్తం ఆవిడే పెట్టింది... కోతలయ్యాక, షుగర్‌ అదుపులోకి వచ్చాక, పాడైన పన్ను బాగుచేయించుకున్నాక. ఈలోగా స్నానాల గది ముందున్న మెట్టు పక్కన ఇనప కమ్మీ వేయించమని పెదనాన్నకి పురమాయించింది. ఆయన ఆ సాయంత్రమే మేస్త్రీని పిలిచారు.

డాక్టర్‌ దగ్గరికి వెళ్లేముందు

* పాత ఆపరేషన్‌ కాగితాలు, వేసిన ఇంప్లాంటు కంపెనీ, సైజు రాసిన స్టిక్కరు వెతికి పెట్టుకోండి. లేకపోతే ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోండి.
* కాలు ఎప్పుడు జారుతోందో రాసుకోండి. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా, లేచేటప్పుడా?
* వదులుకి కారణం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పమని అడగండి. చెప్పలేకపోతే మరొకరి అభిప్రాయం తీసుకోండి.
* ఏడాదికి ఎన్ని రివిజన్లు చేస్తారో సర్జన్‌ని అడగడం తప్పు కాదు.
* బిల్లులో ఇంప్లాంటు ధర విడిగా చూపించమనండి.
* జ్వరం, మోకాలు ఎర్రబడి వేడెక్కడం, పుండులోంచి నీరు కారడం, ఉన్నట్టుండి కాలు మోపలేకపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆలోచిస్తూ కూర్చోవద్దు, అదే రోజు చూపించుకోండి.