అరిగిన డిస్కు మళ్ళీ మొలుస్తుందా?

నేను తాలూకా ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో మా దగ్గర కాంపౌండరుగా ఉన్న అతను, సంక్రాంతి వెళ్ళాక ఎం.ఆర్.ఐ. కవరు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. “డాక్టరు గారూ, నడుములోకి మూలకణాల సూది వేస్తే అరిగిన డిస్కు మళ్ళీ మొలుస్తుందంటున్నారు. అరెకరం అమ్మమంటారా?” అని అడిగాడు. అతనికి చెప్పిన మాటలే మీకూ చెబుతున్నాను.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులో వెలుపల ఉల్లిపొరల వలె పీచు వలయాలుంటాయి. ఒక పొరలోని పీచులు ఒక వైపుకు వాలితే పక్క పొరలోనివి ఎదురు వైపుకు వాలుతాయి. నడుమ నీటిని పట్టి ఉంచే గుజ్జు ఉంటుంది. పెద్దవారి డిస్కులో రక్తనాళాలు దాదాపు ఉండవు. పైనా కిందా ఉన్న ఎముకల నుంచి ఆహారము, ప్రాణవాయువు మెల్లగా ఇంకి లోపలికి చేరాలి. డిస్కు అరిగేకొద్దీ ఆ దారి కూడా సన్నగిల్లుతుంది. ఉన్న కణాలే పస్తులుంటున్న చోటికి సూదితో కొత్త కణాలను పంపితే అవి ఏమి తిని బతకాలి?

పందిరి లేని పొట్లతీగ నేలపాలవుతుంది. అందుకే పరిశోధకులు కణాలకు ముందుగా పందిరి వేస్తున్నారు. గుజ్జు కోసం సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, కొల్లాజెన్, హయలురోనిక్ ఆమ్లం వంటి వాటితో జెల్ చేస్తారు. వలయాల కోసం పాలిమర్ పోగులను పొరలుగా చుడతారు. వాటిలో ఎముక మజ్జ మూలకణాలను నాటి, తగిన పెరుగుదల కారకాలను అందించి పెంచుతారు. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు ఇలా పెంచిన డిస్కులను మేకల మెడలో అమర్చి, ఎనిమిది వారాల వరకు పరిశీలించారు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. అది చదివి నేనెంతో సంతోషించాను. కాని అది మేక మెడ, ఎనిమిది వారాలు. ఏళ్ళ తరబడి బస్తాలు మోసిన మనిషి నడుము సంగతి వేరు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప తక్కినవి నమోదైన పరీక్షలలో భాగంగానే జరగాలి. ఆ పరీక్షలలో చేరిన రోగుల వద్ద రుసుము తీసుకోరాదు.

“ముందు నమోదు సంఖ్య అడుగు” అని అతనికి చెప్పి, కాళ్ళు పరీక్షించాను. బలం తగ్గలేదు, తిమ్మిరి లేదు, మలమూత్రాలపై పట్టు ఉంది. (ఆ పట్టు తప్పినా, కాలు బలహీనపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.) నడక, నడుము కండరాలకు వ్యాయామాలు చెప్పి పంపాను.

వారం తరువాత ఫోను చేశాడు. నమోదు సంఖ్య అడిగితే డాక్టరు గారు మీటింగులో ఉన్నారన్నారట.